విప్పని డబ్బాలు

ఆ మాట అన్న రోజున ఆ డీవీడీ మా ఇంట్లో బీరువా మూడో అరలో ఉంది. దాని మీది ప్లాస్టిక్ కాగితం కూడా నేను చింపలేదు. అయినా ఆదివారం పొద్దున్న విజయవాడ గాంధీనగర్‌లో టీ కొట్టు ముందు నలుగురి మధ్య నిలబడి, "ప్రింటు బాగోలేదు బాబాయ్, పైనా కిందా కోసేశారు. కొనకు" అన్నాను. బాబాయ్ నా ముఖంలోకి ఒక్కసారి చూసి, "పైనా కిందానా? పక్కలా?" అని అడిగాడు. "పైనా కిందానే. నేను చూశాగా" అన్నాను.

ఇది 2008లో సంగతి. ఇన్నేళ్లలో నేను ఆడిన అబద్ధాల్లో దీనికంటే పెద్దవి ఉండొచ్చు. నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఇదే.

మేం నలుగురం. ఒక కాలేజీ లెక్చరర్, ఒక ఫొటో స్టూడియో ఆయన, బాబాయ్, నేను. సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులున్న ఆ వీధుల్లోనే ఒక వీడియో లైబ్రరీ ఉండేది. అక్కడే పరిచయమయ్యాం. ప్రతి ఆదివారం కలిసేవాళ్లం. ఆ వారం ఎవరు ఏం కొన్నారు, ఏం అద్దెకు తెచ్చారు, ప్రింటు ఎలా ఉంది, మాటకీ బొమ్మకీ కుదిరిందా, పాటలన్నీ ఉన్నాయా, ఏదైనా ఎగరగొట్టారా, ఇవే మా కబుర్లు. రెండు టీలు, ఒక గంట. వారమంతా నేను ఆ గంట కోసం బతికేవాణ్ణి.

అంతకు ముందు ఏడాదే మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34 రూపాయలకీ తెచ్చారు. అప్పటిదాకా అసలు డీవీడీ కొనడమంటే ఇంట్లో సంజాయిషీ చెప్పుకోవాల్సిన ఖర్చు. ఒక్కసారిగా అది కిలో కూరగాయల ధరకి వచ్చేసరికి నా చేతులు ఆగలేదు. జీతం వచ్చిన రోజు పది, మధ్యలో నాలుగు, రైలెక్కబోతూ రెండు. నేను ఆఫీసులో లెక్కలు రాసే మనిషిని. ఇంట్లోనూ ఒక పొడుగు నోటుబుక్కు పెట్టాను. వరస నంబరు, సినిమా పేరు, విడుదలైన ఏడు, కొన్న తేదీ, ధర. ఐదు గళ్లు. ఆరో గడి ఒకటి గీసి పైన 'చూసిన తేదీ' అని రాశాను. మొదటి రెండు పేజీల తర్వాత ఆ గడి ఖాళీ. తర్వాత పేజీల్లో అసలు ఆ గీతే గీయలేదు.

ఆదివారం నాకు చెప్పడానికి ఎప్పుడూ పది పేర్లుండేవి. లెక్చరర్ గారికి ఒక్కటే. ఆయన ఏదీ కొనేవారు కాదు. శనివారం సాయంత్రం ఒక సినిమా పది రూపాయల అద్దెకు తెచ్చేవారు. మర్నాడు ఇచ్చెయ్యాలి, లేకపోతే ఇంకో రోజు అద్దె. అందుకని రాత్రి ఒకసారి చూసి, తెల్లవారుజామున లేచి నచ్చిన ఘట్టాలు మళ్లీ చూసి, డిస్క్ జేబు సంచిలో పెట్టుకుని వచ్చేవారు. ఆయన ఒక్క సినిమా గురించి అరగంట మాట్లాడేవారు. ఫలానా సీన్లో కిటికీ అవతల ఎవరో బట్టలారేస్తూ ఉంటారని, కథ మారాక అదే తీగె ఖాళీగా ఉంటుందని చెప్పేవారు. అప్పుడు నేను ఏమనుకునేవాణ్ణో రాయాలి. పాపం, కొనుక్కోలేరు అనుకునేవాణ్ణి. "అద్దె డబ్బులన్నీ కూడబెడితే ఈపాటికి సొంత లైబ్రరీ అయ్యేది మాస్టారూ" అని ఒకసారి పైకి కూడా అన్నాను. ఆయన నవ్వి, "ఇంట్లో ఉంటే నేను చూడనండీ" అన్నారు. ఆ జవాబు నాకోసమేనని అప్పుడు తోచలేదు.

ఆయన అన్నది నా చిన్నప్పటి అనుభవమే. 80ల్లో మా వీధి కుర్రాళ్లం తలా ఐదు రూపాయలు వేసుకుని ఒక రాత్రికి వీసీపీ, కలర్ టీవీ, మూడు క్యాసెట్లు అద్దెకు తెచ్చేవాళ్లం. తెల్లారేసరికి అన్నీ తిరిగి ఇవ్వాలి. అరుగు మీద టీవీ, కింద చాపలు. మూడో క్యాసెట్టు పెట్టేసరికి కోడి కూసేది. కళ్లు మండుతున్నా ఒక్కరూ లేచేవాళ్లు కాదు. ఆ రాత్రుల్లో చూసిన సినిమాలు ఈ రోజుకీ సీను సీనుగా గుర్తున్నాయి. నా బీరువాలో నాలుగైదు వందల డిస్కులు చేరాక చూసినవి చెప్పమంటే తడుముకోవాలి. గడువున్నప్పుడు కళ్లు పనిచేశాయి. గడువు పోయాక చేతులు మాత్రమే పనిచేశాయి, అదీ అరల్లో సర్దడానికి.

పేర్లు చదివి ఊరుకుంటే నా తప్పు నాతోనే ఉండేది. అడిగితే అభిప్రాయం కూడా చెప్పేవాణ్ణి. అట్ట వెనక రాసింది, ఎవరో అన్నది, ఎప్పుడో టీవీలో అయిదు నిమిషాలు చూసింది, ఈ మూడూ కలిపి 'నేను చూశాను' అని చెప్పేవాణ్ణి. వాళ్లు నమ్మేవాళ్లు. ముప్ఫై నాలుగు రూపాయలే కదా అనిపించొచ్చు. బాబాయ్‌కి అది చిన్న మొత్తం కాదు. నన్ను అడిగాకే కొనేవాడు.

బాబాయ్ మా జిల్లాలోనే ఒక చిన్న ఊళ్లో టాకీసులో ఆపరేటరు. పాతికేళ్లు రాకముందే ప్రొజెక్షన్ రూములోకి వెళ్లి, ముప్ఫై ఏళ్లకు పైగా అందులోనే పనిచేశాడు. రెండు మిషన్లు, కార్బన్ కడ్డీల వెలుతురు, ఆ వేడి. ఒక్కో రీలు రెండు వేల అడుగులు. నిమిషానికి తొంభై అడుగుల చొప్పున తిరిగితే ఇరవై నిమిషాల చిల్లర. ఆ రీలు అయ్యేలోపు పక్క మిషన్ మీద తర్వాతి రీలు సిద్ధంగా ఉండాలి. తెర మీద కుడివైపు పై మూల ఒక చుక్క కనిపిస్తుంది. అది పడగానే రెండో మిషన్ మోటారు వెయ్యాలి. ఏడు సెకన్లకి ఇంకో చుక్క. దానికి చేంజోవర్. హాల్లో కూర్చున్న వెయ్యి మందిలో ఒక్కరికీ తెలియకూడదు. "తెలిస్తే నా పని చెడినట్టే అబ్బాయ్" అనేవాడు.

తెలుగులో మొదటి సినిమాస్కోప్ 'అల్లూరి సీతారామరాజు'. 1974. ఆ తర్వాత కొన్నేళ్లకి బాబాయ్ వాళ్ల టాకీసుకి స్కోప్ లెన్సు వచ్చింది. తెర వెడల్పు చేయించారు. ఆ లెన్సుని మొదటిసారి ఆయన తన చేత్తో బిగించి ఆడించిన సినిమా డీవీడీ గురించే నన్ను ఆ రోజు అడిగింది. ఆ సినిమా పేరు రాయను. నేనన్న అబద్ధం ఇంకోసారి దానికి అంటుకోవడం నాకిష్టం లేదు. ఫిలిం మీద మనుషులు సన్నగా, పొడుగ్గా నొక్కుకుపోయి ఉంటారట. లెన్సు తిప్పి ఫోకస్ కలవగానే తెర ఈ చివర నుంచి ఆ చివరకి బొమ్మ విచ్చుకుందట. "నా చేతుల్లో కొండలు పరుచుకున్నాయిరా" అన్నాడు ఒకసారి.

అలాంటి మనిషికి నేను పైనా కిందా కోశారని చెప్పాను.

అట్ట వెనక 'వైడ్ స్క్రీన్' అని చదివాను. అంతకు ముందు వేరే డిస్కుల్లో అలా రాసి ఉంటే టీవీలో పైనా కిందా నల్ల పట్టీలు వచ్చేవి. ఆ పట్టీల వెనక బొమ్మ ఉందని, దాన్ని కోసేశారని ఏళ్ల తరబడి నమ్మాను. తెర నిండా వచ్చేదే పూర్తి బొమ్మ అనుకుని, 'ఫుల్ స్క్రీన్' అని ఉన్నవే ఏరుకుని కొన్నాను. మిత్రులకూ అవే కొనమని చెప్పాను. నిజం దానికి పూర్తిగా తలకిందులు. స్కోప్ బొమ్మ ఎత్తు ఒకటైతే వెడల్పు 2.35. పాత టీవీ తెర ఎత్తు మూడైతే వెడల్పు నాలుగు. బొమ్మంతా చూపించాలంటే పైనా కిందా నలుపు వదలక తప్పదు. తెర నింపాలంటే రెండు పక్కలా కలిపి నూటికి 43 పాళ్లు కోసి పారెయ్యాలి. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరిలో ఒకరి ముక్కు మాత్రం మిగిలేది అందుకే. అలాంటి ముక్కులు ఎన్నో చూసి కూడా నేను ఆలోచించలేదు. శ్రద్ధగా ఒక్క సినిమా చూసి ఉంటే తెలిసేది.

బాబాయ్ ఆ రోజు ఇంకేం అడగలేదు. టీ గ్లాసు కడిగి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఒకటి రెండేళ్లలో లైబ్రరీ మూతపడింది. మా ఆదివారాలు పలచబడ్డాయి. లెక్చరర్ గారికి బదిలీ అయింది. బాబాయ్ ఏలూరులో కూతురు దగ్గరికి వెళ్లిపోయాడు.

2023లో ఇల్లు మారుతూ బీరువా ఖాళీ చేశాను. ప్లాస్టిక్ కాగితం విప్పనివి ఒక పక్కన పెడుతూ పోతే గోడ వారగా నడుము ఎత్తు వచ్చాయి. వాటిలో అది కనబడింది. నేల మీద కూర్చుని గోరుతో కాగితం చింపాను. పదిహేనేళ్ల కాగితం పుటుక్కున విరిగింది. పాత ప్లేయరు తీసి ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు తగిలించి పెట్టాను. కొత్త టీవీలో బొమ్మ నాలుగు వైపులా నలుపు మధ్య చిన్న కిటికీలా వచ్చింది. జూమ్ చేశాను. కొండలు ఈ చివర నుంచి ఆ చివరకి ఉన్నాయి. కొండవారగా నడిచే మనుషుల వరస మొదలూ చివరా కనిపిస్తున్నాయి. ఎక్కడా ఏమీ కొయ్యలేదు. ఇరవై నిమిషాల దగ్గర గీతలు మొదలై వాన పడ్డట్టయింది. కుడివైపు పై మూల కోడిగుడ్డు ఆకారంలో ఒక చుక్క వచ్చి పోయింది. ఫిలిం మీద గుండ్రంగా ఉన్నది స్కోప్ లెన్సులో సాగి అలా అవుతుంది. కొన్ని సెకన్లకి ఇంకొకటి. టాకీసుల్లో తిరిగిన ప్రింటు నుంచే ఈ డిస్కు తీశారన్నమాట. బాబాయ్ లాంటి వాళ్ల చేతుల మీదుగా వచ్చిన ప్రింటు. సినిమా సగంలోనే ఆపేశాను. మిగతాది ఒక్కణ్ణే చూడటానికి మనసు ఒప్పలేదు.

ఆ వారమే ప్లేయరు సంచిలో పెట్టుకుని ఏలూరు వెళ్లాను. బాబాయ్ బాగా నెమ్మదించాడు గానీ చూపు బాగానే ఉంది. ముందు చెప్పేద్దామనుకున్నాను, నోరు రాలేదు. డిస్కు పెట్టాను. పేర్లు పడుతుండగానే కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. మొదటి రీలు చివర వాన మొదలవగానే ఆయన కళ్లు పై మూలకి వెళ్లాయి. చుక్క పడింది. ఒళ్లో ఉన్న కుడి చెయ్యి లేచి గాల్లో ఏదో నొక్కింది. రెండో చుక్కకి ఇంకోసారి. సీను తెగకుండా సాగిపోయింది. "పడింది" అన్నాడు.

అప్పుడు చెప్పాను. ఆ రోజు ఇది చూడకుండానే చెప్పానని, సీలు కూడా విప్పలేదని, నావల్లే ఇన్నేళ్లు ఆయన చూడలేదని. తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"పైనా కిందా అన్నప్పుడే తెలిసిందిరా. స్కోప్ ప్రింటు పైనా కిందా కొయ్యడానికి ఏముంటుంది? కోస్తే పక్కలే కోస్తారు."

"మరి నలుగురిలో అడగలేదే బాబాయ్?"

"నలుగురూ ఉన్నారుగా."

కాసేపాగి, ఆ మర్నాడే కొట్టుకి వెళ్లానని చెప్పాడు. అప్పటికే అయిపోయాయట. మళ్లీ తెప్పిస్తామన్నారు, తెప్పించలేదు. రెండు మూడుసార్లు వెళ్లి అడిగి ఊరుకున్నాడు. మా ఇంట్లో ఒకటుందని ఆయనకి తెలుసు. ఒక్కసారి ఇవ్వమని అడిగితే, విప్పని డబ్బా నేను అందరి ముందూ తేవాల్సి వస్తుందని అడగలేదు.

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. సినిమా నడుస్తోంది. ఒక రీలంతా రంగు వెలిసి గులాబీగా ఉంది. అది కూడా ఆయనకి ముద్దుగానే ఉంది. విశ్రాంతి పడగానే కూతురు టీ తెచ్చింది. గ్లాసు చేతికిస్తుంటే అడిగాడు.

"ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయి?"

"నూట నలభై మూడు."

లెక్క ఠక్కున చెప్పగలిగాను. ఏలూరు బయల్దేరే ముందు రాత్రి కూర్చుని ఆ నోటుబుక్కులో ఆరో గడి గీసింది అందుకే.

"ఆదివారం ఒకటి పట్టుకురా" అన్నాడు బాబాయ్. "కాగితం చింపకు. ఇక్కడే విప్పుదాం."