మా మురుగులో మా వాటా తేల్చండి

రాబోయే మురుగు జలాల వివాద పరిష్కార ట్రిబ్యునల్ గౌరవ అధ్యక్షుల వారి దివ్యసముఖానికి, రాయగడ పట్టణవాసి ఒకడు చేసుకుంటున్న బహిరంగ విన్నపం.

విషయం: మేము వాడి పారబోసిన నీళ్ళను బాగుచేయించి మాకే తిరిగి ఇప్పించవలసిందని.

అయ్యా,

తమరిని ఏ ప్రభుత్వమూ ఇంకా నియమించలేదని నాకు తెలుసు. అయినా అర్జీ ముందే పడేస్తే వరుసలో ముందుంటానని ఆశ. మా వైపు నీళ్ళ తగవులు తెమలడానికి ఎంత కాలం పడుతుందో చూస్తూ పెరిగినవాణ్ణి.

వంశధార సంగతే తీసుకోండి. నీళ్ళలో చెరి సగమని ఒడిశా, ఆంధ్ర 1962లోనే ఒప్పుకున్నాయి. గొట్టా బ్యారేజీ దగ్గర దొరికే నీళ్ళు 115 టీఎంసీలు, కాబట్టి తలా యాభై ఏడున్నర. అర టీఎంసీ దాకా పంచుకున్నా తగవు తెగలేదు. 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017 సెప్టెంబరులో తీర్పు వచ్చింది, తీర్పు మీద వాదనలు ఆ తర్వాతా నడిచాయి. ఇంతా చేస్తే, వంశధార మీద ఆంధ్ర కట్టదలచిన నేరడి బ్యారేజీకి ఒడిశా వైపు నుంచి కావలసింది 106 ఎకరాలు. కొరాపుట్ కొండల్లో పుట్టే జంఝావతిదీ అదే కథ. ముంపు ఇవతల, ఆయకట్టు అవతల. ఆ పేచీ తేలక, అప్పటి విజయనగరం జిల్లా కొమరాడ దగ్గర 2006లో రబ్బరు డ్యామ్ వేసుకుని ఆంధ్రవాళ్ళు ఉన్నంతలో సర్దుకున్నారు. 1936 ఏప్రిల్ 1కి ముందు జంఝావతికి ఇవతలా అవతలా విశాఖపట్నం జిల్లాయే, దరఖాస్తు పెట్టాలంటే కలెక్టరు ఒక్కరే. ఆ రోజులు మళ్ళీ రావని నాకూ తెలుసు గనుక ఆ ముక్క ఇంతటితో వదిలేస్తాను.

ఇంత పట్టుదలగల రెండు రాష్ట్రాలూ ఒక్క నీటి దగ్గర మాత్రం చేతికి ఎముక లేనట్టు ప్రవర్తిస్తున్నాయి. మా స్నానాల నీళ్ళు, బియ్యం కడుగు, బట్టల సబ్బు నురగ, అన్నీ వీధి కాలువలో పడి, గెడ్డలో కలిసి, నాగావళికి చేరతాయి. నాగావళి వాటిని తోటపల్లి మీదుగా శ్రీకాకుళం దాకా తీసుకుపోయి సముద్రానికి అప్పజెబుతుంది. ఎగువ రాష్ట్రం ఇందులో వాటా అడగదు, దిగువ రాష్ట్రం తనకొద్దని అనదు. దారిలో ఉన్న ఊళ్ళు కూడా తమ వంతు కలుపుతాయి. ఇందుకు ఒప్పందం లేదు, గేజీ లేదు, తేదీ వేసి సంతకం చేసినవాడు లేడు.

ఈ నీళ్ళు ఎన్నని అడుగుతారేమో. 2011 జనగణనలో రాయగడ పట్టణంలో మేము 70 వేలు దాటాం. తలకు రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది పట్టణాల నీటి సరఫరా ప్రమాణం, అందులో 80 శాతం మురుగై బయటికొస్తుందన్నది ఇంజనీర్ల లెక్క. ఆ ప్రకారం రోజుకు 75 లక్షల లీటర్లు. మా కుళాయి అంత ధారాళమైనది కాదు కాబట్టి సగానికి సగం కొట్టేయండి. మిగిలిన దాంట్లో ఎండాకాలపు ఆరు నెలల నీళ్ళు మాత్రమే పట్టుకున్నా, ఆరుతడి పంట మూడు వందల ఎకరాలకు తగ్గకుండా పండుతుంది. పక్కనే కొరాపుట్ జిల్లాలోని జయపురం మాకంటే పెద్ద ఊరు, దాని లెక్క ఇంకాస్త పెద్దది. రాజులు తవ్వించిన జగన్నాథ సాగరం అక్కడే ఉంది. అందులో గుర్రపుడెక్క కమ్మేసిందని పత్రికలు రాయడం, మనుషుల్ని పెట్టి తీయించడం, మళ్ళీ కమ్మేయడం ఏటా నడిచే తంతు. ఊరి మురుగులోని ఎరువు పైరుకు అందకపోతే డెక్కకు అందుతుంది మరి.

వానలు దండిగా పడే కొండసీమకు మురుగు నీళ్ళ యావ ఏమిటని తమరి గుమాస్తా నవ్వవచ్చు. ఆయన్ని ఒకసారి ఫాల్గుణంలో పంపండి. సంక్రాంతి దాటాక గెడ్డ సన్నబడుతుంది, శివరాత్రికి చెలమలు తవ్వుకుంటారు. మురుగు కాలువ సన్నబడదు. జనం స్నానాలు మానరు కదా. ఏడాది పొడుగునా ఒకే తీరున పారే నీటి వనరు ఈ జిల్లాలో ఇంకొకటి ఉంటే నాకు చూపించండి, ఈ అర్జీ వెనక్కి తీసుకుంటాను.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేనను. ఒడిశా ఈ విషయంలో నిజంగా ముందే ఉంది. సెప్టిక్ ట్యాంకుల మడ్డిని శుద్ధిచేసే కేంద్రాలను పట్టణాలన్నిటికీ విస్తరించింది. చాలాచోట్ల వాటిని నడిపేది మహిళా సంఘాలే. ట్యాంకరు వచ్చి ఇంటి ముందు గొట్టం దింపి, మడ్డి లాగి, తీసుకెళ్ళి అక్కడ దింపుతుంది. గట్టిది ఎండి ఎరువవుతుంది, నీరు తేరి అక్కడి మొక్కలకు పోతుంది. బాగుంది. కానీ ట్యాంకరుకు అందేది మరుగుదొడ్డి మడ్డి మాత్రమే. స్నానాల గది నీళ్ళూ వంటింటి నీళ్ళూ సెప్టిక్ ట్యాంకు మొహం చూడకుండా నేరుగా కాలువకే దారి తీస్తాయి. ఊరు వదిలే నీళ్ళలో ఎక్కువ భాగం అవే. అంటే చిక్కనిదానికి కేంద్రం కట్టి పలచనిదాన్ని గెడ్డకు వదిలేశాం.

కాదు, పూర్తిగా వదల్లేదు. కాలువ గెడ్డలో కలిసేచోట ఒక ముసలామె తోటకూర మడి వేసింది. ఇసుక బస్తాలు అడ్డం వేసి, నిలిచిన నీళ్ళను నూనె డబ్బాతో తోడి పోస్తుంది. చెత్త రాకుండా డబ్బా మూతికి పాత చీర పేలిక కట్టింది. ఆకు నిగనిగలాడుతోంది. ఎరువేం వేస్తున్నావమ్మా అని అడిగితే, "ఈ నీల్లకి మల్లా ఎరువెందుకు బాబూ" అంది. తెల్లారగట్ల కోసి, కట్టలు కట్టి, వాడిపోకుండా అదే నీళ్ళలో ముంచి తీసి సంతకు పట్టుకుపోతుంది. ఆ కట్టలు కొనేది మేమే. మురుగుతో సాగు చేయాలా వద్దా అని తమరి ముందు వాదించనక్కర్లేదని మనవి. సాగు ఎప్పుడో మొదలైంది. శుద్ధి ఒక్కటే మిగిలింది, ప్రస్తుతానికి ఆ బాధ్యత చీర పేలికది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే కొలత చెప్పింది. పచ్చిగా తినే పంటకు పెట్టే నీటిలో, వంద మిల్లీలీటర్లకు మలసంబంధ కోలీఫారం బాక్టీరియా వెయ్యికి మించకూడదు, లీటరుకు నులిపురుగు గుడ్డు ఒకటికి మించకూడదు. కొత్తిమీరకు ఇంత నియమం కావాలి. పశుగ్రాసానికి, సరుగుడుకు, మామిడి తోటకు అంత అక్కర్లేదు. హైదరాబాదు దిగువన మూసీ పక్క రైతులు మురుగు నీళ్ళతో పేరాగడ్డి పెంచి గేదెల మేతకు అమ్ముతూ ఏళ్ళ తరబడి బతికారు. వరి వేసినవాళ్ళకు నత్రజని ఎక్కువై పైరు పడిపోయేది. కాబట్టి ఏ నీటికి ఏ పంటో ముందే తేల్చి, బోర్డు మీద రాసి పెట్టాలి.

పెద్ద ఎత్తున చేస్తే ఎలా ఉంటుందో కోలారు రైతుల్ని అడగండి, మన తెలుగులోనే చెబుతారు. బెంగళూరు మురుగును శుద్ధిచేసి 2018లో అక్కడి చెరువులకు మళ్ళించారు. కొద్ది వారాలకే లక్ష్మీసాగర చెరువులో తెల్లటి నురగ లేచింది, జనం కోర్టుకెక్కారు, నీళ్ళు కొన్నాళ్ళు ఆగాయి, మళ్ళీ పారాయి. ఎండిన చెరువులు నిండినందుకు సంబరపడేవాళ్ళూ ఉన్నారు, శుద్ధి ఇంకో మెట్టు జరగాలనేవాళ్ళూ ఉన్నారు. నా ఓటు రెండో వర్గానికి. నాగపూర్ వాళ్ళు మరీ గడుసు, శుద్ధిచేసిన మురుగును కొరాడి థర్మల్ కేంద్రానికి అమ్ముకుంటున్నారు. మా రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో కాగితం మిల్లుంది, అల్యూమినా శుద్ధి కర్మాగారాలున్నాయి, నీళ్ళ ఆకలిగల కొనుగోలుదారులకు కొదవలేదు. ఒక్క షరతు మాత్రం: ఇళ్ళ నీళ్ళను వాళ్ళు కొనుక్కోవచ్చు గానీ కర్మాగారాల నీళ్ళను మా పొలం కాలువలో కలపకూడదు. సబ్బు నురగను గులకరాళ్ళ మడి, మెట్టతామర దుబ్బులు, చివరన ఓ ఎండతగిలే చెరువు బాగుచేస్తాయి. లవణాలను, లోహాలను బాగుచేయడం వాటి తరం కాదు.

ఇక నా అసలు ప్రార్థన. యంత్రాలు కొనడం మన ప్రభుత్వాలకు కొత్త కాదు, రిబ్బను కత్తిరించాక వాటిని నడపడమే కొత్త. కాబట్టి మా మురుగుకు నదికి ఇచ్చే మర్యాద ఇప్పించండి. కాలువకు ఒక గేజీ, ఆయకట్టుకు ఒక పటం, తూములు ఎత్తడానికీ దించడానికీ ఒక లస్కరు, వారం వారం పరీక్షచేసి అంకెలు ఊరి మధ్య అతికించే ఒక మనిషి. నీటి తీరువా కూడా వేయండి, కాదనం. డబ్బు కట్టినవాడికే నీళ్ళు పాడైతే నిలదీసే హక్కు వస్తుంది. పార్కులు, రోడ్ల దుమ్ము, ఇళ్ళు కట్టేవాళ్ళ సిమెంటు తడుపుడు కూడా ఈ నీటి పద్దులోనే రాయండి. తాగే నీళ్ళతో గోడలు తడుపుతున్న ఊరు మాది.

విచారణ మాత్రం దయచేసి ఎండాకాలంలో పెట్టుకోండి, రాయగడలోనే పెట్టుకోండి. గెడ్డలో ఎన్ని నీళ్ళున్నాయో, కాలువలో ఎన్ని ఉన్నాయో తమరే వచ్చి కొలవవచ్చు.

ఇట్లు,
తమరి నియామకం కోసం ఎదురుచూస్తున్న
రాయగడ తోటకూర వినియోగదారుడు