బయటకు రావద్దట!

ఎండలు ముదిరితే చాలు, మన సర్కార్లకు జనం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. మధ్యాహ్నం బయటకు రావద్దు. నీళ్లు బాగా తాగండి. లేత రంగు నూలు బట్టలు వేసుకోండి. ఆహా, కన్నతల్లి కూడా ఇన్ని జాగ్రత్తలు చెప్పదు! ఇంతకీ చెబుతున్నది ఎవరికి? ఏసీ గదిలో కూర్చున్నవాడికా? వాడు పిలిచినా రాడు.

మే నెల మిట్టమధ్యాహ్నం ఒక్కసారి సైబరాబాద్‌లోని కొత్తగూడ చౌరస్తాకు రండి. 263 కోట్లు పోసి 2023 జనవరి 1న ఇక్కడ ఫ్లైఓవర్ ప్రారంభించారు. పైన కార్లు దూసుకుపోతుంటాయి. కింద దాని నీడలో డెలివరీ కుర్రాళ్లు బైకులాపి, హెల్మెట్ తీసి, కర్చీఫ్ పిండుకుంటుంటారు. ఈ మహానగరం వాళ్లకు కట్టించిన విశ్రాంతి మందిరం అదే. అదీ పొరపాటున! పక్కనే బొటానికల్ గార్డెన్. చెట్లకు కొదవ లేదు. గేటు దాటాలంటే మాత్రం టికెట్. నీడకూ రేటు కట్టిన ఘనులం మనం.

మధ్యాహ్నం బయటకు రావద్దా? మరి బిర్యానీ ఎవరు తేవాలె? ఆర్డర్లు పడేదే ఆ వేళ. ఇంట్లో కూర్చుంటే ఇన్సెంటివ్ ఎగిరిపోతుంది. కాస్త ఆలస్యమైతే ఒక్క స్టార్ పడేసే మనమూ తక్కువ తినలేదు.

నూలు బట్టలా? కంపెనీ ఇచ్చింది పాలిస్టర్ టీషర్టు. టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుకు బూట్లు, బెల్టు, టోపీ, నిండు చేతుల చొక్కా. సెల్యూట్ కొట్టించుకునే దొరలకు అది చూడముచ్చట.

నీళ్లు తాగాలా? రోడ్లూడ్చే అమ్మ దగ్గర సీసా ఉంటుంది. గొంతెండినా గుటక వేయదు. తాగితే పోవాలి కదా, ఎక్కడికి పోవాలి? అద్దాల మేడలో ఆమెకు బాత్రూం చూపించే నాథుడున్నాడా?

కూల్ రూఫ్ విధానం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదేనని 2023 ఏప్రిల్‌లో చాటుకున్నారు. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లటి కప్పులట. సంతోషం! నడినెత్తి మాడే మనిషి నిలబడేది కప్పు మీద కాదు, రోడ్డు మీద. లోపలి వేడినంతా ఏసీలు కక్కేది అక్కడే.

ఇక 2025 ఏప్రిల్ ముచ్చట. కూతవేటు దూరంలోని కంచ గచ్చిబౌలిలో చెట్లు కూలుస్తున్న బుల్డోజర్లను 3వ తేదీన సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. అదే నెలలో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించారు. చచ్చిపోతే ఇంటివాళ్లకు 4 లక్షలన్నారు. చెట్టుకు గొడ్డలి, శవానికి చెక్కు! ఆ చెక్కయినా ఊరికే వస్తుందా? చంపింది ఎండేనని తహశీల్దారు, ఎస్సై, డాక్టరు కలిసి తేల్చాలి. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో 2,000 మందికి పైగా రాలిపోయారు. పదేళ్లకు మనం నేర్చిందల్లా పరిహారం పెంచడమా?

కరీంనగర్, జగిత్యాల నుంచి ఎడారికి పోయిన మనోళ్లను అడగండి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించడం నిషేధం. తప్పితే ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హాముల చొప్పున జరిమానా. ఖతార్‌లో 2021 నుంచి వేసవిలో పొద్దున 10 నుంచి 3.30 దాకా బంద్. అక్కడ కూలీ బతుకు పూలపాన్పేమీ కాదు. అయినా అక్కడిది చట్టం, ఇక్కడిది సలహా. ఎడారికున్న ఇంగితం సైబరాబాద్‌కు లేకపాయె!

అయ్యా ఏలినవారూ, జాగ్రత్తలు చాలు. మధ్యాహ్నం ఎండలో పని బంద్ అని, ఆ గంటల కూలి కోయరాదని చట్టం చేయండి. కాదన్న కంపెనీకి జరిమానా వేయండి. చచ్చాక ఇచ్చే 4 లక్షల కంటే అది చవక.