శిలాఫలకానికి తోడుగా ఒక శిల్పం

తమ్ముడూ, రాతిశిల్ప శిబిరానికి ఎంపికయ్యావట. సంతోషం. పిలుపు ఉత్తరంలో భోజనం, వసతి, గౌరవ వేతనం, ప్రశంసాపత్రం, రాయి అని వరసగా ఉండే ఉంటుంది. ఆ వరసలో రాయి చివరికెందుకు పోయిందో అక్కడికెళ్లాక ఎలాగూ తెలుస్తుంది. ముందే తెలిస్తే నీ రక్తపోటుకు మంచిదని నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు కాస్త చరిత్ర. ప్రారంభ సభలో ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడే విను. 1959లో కార్ల్ ప్రాంట్ల్ అనే ఆస్ట్రియా శిల్పి సెయింట్ మార్గరెథెన్ అనే ఊళ్లోని క్వారీకి తోటి శిల్పుల్ని రమ్మన్నాడు. రోమన్ల కాలం నుంచీ రాయి తీస్తున్న చోటది. వియన్నాలోని సెయింట్ స్టీఫెన్ చర్చికి రాయి వెళ్లింది కూడా అక్కణ్నుంచే. స్టూడియోలు వదిలేసి రాయి పుట్టిన చోటే ఉందాం, కలిసి తిందాం, కలిసి చెక్కుదాం, ఏ దేశంవాడైనా సరే అన్నాడు. అమెరికా, రష్యా గుర్రుగా చూసుకుంటున్న రోజులు. అవతలి కూటమిలో ఉన్న హంగరీ సరిహద్దు ఆ ఊరికి కూతవేటు దూరం. అలాంటి చోట ఆ మాట అనడానికి గుండె కావాలి. అక్కణ్నుంచి శిబిరాలు దేశదేశాలకూ పాకాయి. మన దాకా వచ్చేసరికి దారిలో క్వారీ ఎక్కడో జారిపోయి షామియానా వచ్చి చేరింది. ప్రాంట్ల్ శిల్పుల్ని రాయి దగ్గరికి తీసుకెళ్లాడు. మనవాళ్లు రాయిని లారీ ఎక్కించి మంత్రిగారి దగ్గరికి తీసుకొస్తారు.

ఆ లారీ మొదటి రోజు రాదు. రెండో రోజు వస్తుంది, కానీ దించేవాడుండడు. ఘనమీటరు గ్రానైటు దాదాపు రెండువేల ఏడువందల కిలోలు. నువ్వేమో ధైర్యంగా రెండు మీటర్ల దిమ్మె కావాలని రాశావు. అది చేతులతో దిగేది కాదు, క్రేన్ కావాలి. క్రేన్ ఉంది కూడా. స్వాగత తోరణానికి ఫ్లెక్సీ కట్టడానికి వెళ్లింది. ఎట్టకేలకు రాయి దిగాక చూస్తే నువ్వడిగిన నలుపు కాదు. మన చీమకుర్తి గెలాక్సీ రాయి బంగారు చుక్కలతో ఓడలెక్కి విదేశాలకు పోతుంది. నీ వంతుకు వచ్చేది ఎగుమతికి పనికిరాక, వంటగది గట్టుకు కూడా పనికిరాక మిగిలింది. కరపత్రంలో దాన్నే 'ప్రకృతి ఒడిలోంచి తెచ్చిన శిల' అంటారు.

ప్రారంభోత్సవంలో ముఖ్య అతిథి ఒక చేత సుత్తీ, ఒక చేత ఉలీ పట్టుకుని ఫోటోకి నిలబడతారు. ఉలి మొన ఆయన వైపే ఉండొచ్చు. పొరపాటున కూడా సరిచేయకు. ఉపన్యాసంలో అమరావతి, అజంతా, రామప్ప ఒకే ఊపిరిలో దొర్లిపోతాయి. రామప్ప అన్నప్పుడు మాత్రం చెవి ఒగ్గు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది, అసలు పేరు రుద్రేశ్వరాలయం. రాయి మోయించింది ఆయన, ఖర్చు పెట్టింది ఆయన, శాసనం వేయించుకున్నదీ ఆయనే. జనం మాత్రం శిల్పి రామప్ప పేరే పట్టుకున్నారని చెప్పుకుంటారు. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కించేటప్పుడు యునెస్కోవాళ్లూ పక్కన బ్రాకెట్లో రామప్ప అని రాసుకోక తప్పలేదు. ఏలేవాళ్లకు ఇంతకంటే గట్టి హెచ్చరిక ఏముంటుంది? అందుకే ఇప్పుడు ముందు శిలాఫలకం చెక్కించి, దానికి తోడుగా శిల్పం చెక్కిస్తున్నారు. ఫలకం మీద వార్డు సభ్యుడి పేరులో ఒత్తు పోతే రాత్రికి రాత్రే కొత్త ఫలకం లేస్తుంది. నీ పేరు తప్పు పడితే నువ్వే ఆ పేరుకు అలవాటు పడాలి.

నీకు ఇద్దరు సహాయకుల్నిస్తారు. ఆళ్లగడ్డ నుంచో దుర్గి నుంచో వచ్చి ఉంటారు. తాతల నాటి నుంచీ రాయి కొడుతున్న ఇళ్లవాళ్లు. దిమ్మెను ఓసారి తట్టి, ఆ మోత విని, లోపల పగులుందో లేదో చెప్పేస్తారు. నువ్వు సుద్దముక్కతో గీత గీసి కాస్త దూరంగా నిలబడి తల పక్కకు వాలుస్తావు. వాళ్లు గ్రైండర్ పడతారు. ఏడాది పొడుగునా దేవుళ్లను చెక్కే వాళ్లు పనివాళ్లు. రాతికి ఒక కన్నం పెట్టిన నువ్వు కళాకారుడివి. వాళ్లది దినకూలి, నీది గౌరవ వేతనం. ఏది ముందు చేతికొస్తుందని మాత్రం అడగకు.

దుమ్ము సంగతి ఒకటి చెప్పాలి, ఇందులో వేళాకోళం లేదు. గ్రానైటు దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్, దాన్ని నయం చేసే మందు లేదు. బ్లేడు మీద నీళ్లు పడుతుంటే దుమ్ము చాలావరకు అణుగుతుంది, కానీ ట్యాంకర్ వేదిక ముందు పచ్చగడ్డిని తడపడానికి పోతుంది. మంచి మాస్కులు నీ డబ్బుతోనే కొనుక్కో. నీకొకటి, వాళ్లకు రెండు.

ఇక 'ప్రజల మధ్య శిల్పకళ' అన్నారు కదా, సాయంత్రమయ్యేసరికి ప్రజలు వస్తారు. దిమ్మెకు ఆనుకుని సెల్ఫీ దిగి, "ఆంజనేయస్వామేనా సార్, తోక ఎప్పుడు పెడతారు?" అంటారు. ఇది భూమికీ ఆకాశానికీ మధ్య సంభాషణ అని నువ్వు చెబుతావు. ఒక పెద్దాయన చుట్టూ తిరిగి చూసి, "మా గేదెల తొట్టి కూడా సరిగ్గా ఇక్కడే పగిలింది బాబూ" అంటాడు. ఆయనకు దణ్నం పెట్టు. ఆ శిబిరం మొత్తంలో నీ రాయిని చుట్టూ తిరిగి చూసినవాడు ఆయనొక్కడే.

శిబిరం అయ్యాక నీ శిల్పం ఏదో కూడలిలో నిలబడుతుంది. మొదటి నెలలో పుట్టినరోజు ఫ్లెక్సీకి గుంజగా పనికొస్తుంది. పెద్దలెవరైనా ఊరికొస్తున్నారంటే పురపాలకులు దానికి వెండి రంగు పూయిస్తారు. నువ్వు వారం పాటు చేయించిన పాలిష్ ఆ డబ్బా పెయింటు కింద చల్లగా ఉంటుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆఫీసు వెనక జీపుల షెడ్డుకు చేరుతుంది. గుండె చెదరనివ్వకు. రాయగిరి దగ్గర ఒకే రాతిలో చెక్కిన బుద్ధుడంతటివాడు 1990లో బార్జి ఒరిగి హుస్సేన్ సాగర్ అడుగుకు పోయి, 1992 డిసెంబరు దాకా పైకి రాలేదు. ఆ ప్రమాదంలో మనుషులూ పోయారు. విగ్రహాన్ని లేపారు, వాళ్లను లేపలేరు కదా.

ముగింపు సభలో రాతిశిల్పులందరికీ ఫైబర్ జ్ఞాపిక ఇస్తారు. తీసుకో, తేలిగ్గా ఉంటుంది. పక్క జిల్లా శిబిరానికి దరఖాస్తు గడువు నెలాఖరు. ఇదే మోడల్‌ని అడ్డంగా పడుకోబెట్టి ఫోటో తీసి పంపించు. పేరు మాత్రం మార్చు. కిందటిసారి వచ్చినవాటిలో సగానికి పైగా 'అనంతం'లే.