నా అంకె ఒక్కటే చాలదు

నేను బీపీ మిషన్‌ను. గోదావరి లంక ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం బల్ల మీద ఉంటాను. మా వంశం 1896లో ఇటలీలో మొదలైంది. రివా-రోచి అనే వైద్యుడు పైచేతికి గాలిపట్టీ చుట్టి, పాదరసం ఎత్తును బట్టి రక్తపోటు కొలిచాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ పట్టీ కింద స్టెతస్కోపు ఆనించి, చప్పుడు విని కింది అంకెనూ పట్టుకున్నాడు. నాలో పాదరసం లేదు, బ్యాటరీలున్నాయి.

నా బెంగంతా గర్భిణుల గురించే. 20 వారాలు దాటాక 140/90 చూపించానంటే జాగ్రత్తపడాలి. మాయకు రక్తం సరిగా అందకపోతే ఆ చెడు తల్లి రక్తనాళాలకూ పాకుతుంది. మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతినవచ్చు. ముదిరితే ఫిట్స్ రావచ్చు. ఊళ్లో దాన్నే గుర్రపువాతం అంటారు.

ఆ గండం ఎవరికి దగ్గరపడిందో చెప్పడానికి నా అంకె ఒక్కటే చాలదు. ఒకరోజు ఇద్దరికి 150/98 చూపించాను. ఒకామెకు మూడో కాన్పు, 38 వారాలు. ఏ బాధా లేదు, మూత్రంలో ప్రోటీన్ లేదు. రెండో అమ్మాయిది తొలిచూలు, 31 వారాలు.

"తలనొప్పి ఉందా అమ్మా?" అనడిగింది సిస్టర్.

"రెండ్రోజుల్నుంచీ ఉందండి. కళ్లముందు మెరుపుల్లా కనబడుతున్నాయండి."

"తొలిచూలుకి ఇవన్నీ మామూలేనమ్మా," అంది అత్తగారు.

"కాదు పిన్నిగారూ, ఇప్పుడే వెళ్లాలి," అంటూ సిస్టర్ మూత్రంలో పరీక్ష పట్టీ ముంచింది. ప్రోటీన్ మూడు ప్లస్సులు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ తొలి మోతాదు ఇచ్చి 108 అంబులెన్సును పిలిచింది. మొదటామెనూ ఆరోజే పెద్దాసుపత్రికి పంపింది; కానీ ఈ అమ్మాయికి ఒక్కో నిమిషమూ విలువైనదే.

సిస్టర్ అడిగినటువంటి ప్రశ్నలనే లెక్కగా కూర్చారు పరిశోధకులు. ఫిజీ, ఉగాండా, దక్షిణాఫ్రికా, బ్రెజిల్, పాకిస్తాన్ తల్లుల వివరాలతో 2014లో వెలువడిన ఆ లెక్క పేరు మినీపియర్స్. ఎన్నో కాన్పు, ఎన్నో వారం, తలనొప్పి లేదా చూపు మసక, ఛాతీనొప్పి లేదా ఆయాసం, కడుపునొప్పితో రక్తస్రావం, బీపీ పై అంకె, మూత్రంలో ప్రోటీన్: ఈ ఏడూ కలిపి 48 గంటల్లో ముంచుకొచ్చే ముప్పును అంచనా వేస్తుంది. ల్యాబ్ అక్కర్లేదు. ఆ ఏడుగురు సాక్షుల్లో నేనొకదాన్ని.

సాక్ష్యం తప్పకూడదంటే నన్ను సరిగా వాడాలి. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపుకు ఆనుడిచ్చి, చేతిని గుండె ఎత్తున ఉంచి, చేతి లావుకు తగిన పట్టీ చుట్టాలి. పట్టీ చిన్నదైతే అంకె పెరుగుతుంది. గుర్రపువాతం ముప్పున్న గర్భిణులకు నా జాతి మిషన్లు కొన్ని అసలుకన్నా తక్కువ చూపిస్తాయి. అందుకే గర్భిణులపై విడిగా పరీక్షించి సరిచూసిన మిషన్‌నే కొనాలి.

ముందే కనిపెడితే చేయగలిగింది ఉంది. ముప్పున్నవారికి డాక్టరు 16 వారాల్లోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టవచ్చు. మెగ్నీషియం సల్ఫేట్‌ను 33 దేశాల్లో పదివేలమందికి పైగా తల్లులతో పరీక్షించిన 'మాగ్‌పై' అనే అధ్యయనం, అది ఫిట్స్‌ను సగానికి పైగా తగ్గిస్తుందని 2002లోనే తేల్చింది.

కాన్పయ్యాక గండం గడిచిందని నన్ను పెట్టెలో పెట్టేయకండి. బాలింతకూ ఫిట్స్ రావచ్చు. మొదటి వారంలో బీపీ మళ్లీ ఎగబాకవచ్చు. ఆమె తలనొప్పి అంటే పురిటి నీరసమని సరిపెట్టకండి. ఆశా కార్యకర్త సంచిలో నన్ను ఆ ఇంటికి పంపండి. కార్డులో నా అంకె పక్కన ఆమె చెప్పిన బాధా రాయండి.