‘లాగ్స్ పంపు’ సార్

తెల్లాపూర్‌లో ఏ గేటెడ్ కమ్యూనిటీకి వెళ్లినా టవర్‌కొక సర్వర్ సార్ తగులుతాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ, మెడలో హెడ్‌సెట్. పటాన్‌చెరు, పాశమైలారం వైపు ఏ ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ మొండికేసినా ఫోను ఈయనకే. తండ్రి బీహెచ్‌ఈఎల్‌లో రిటైరైన ఫోర్‌మన్ అయితే మరీ ప్రమాదం: లాగ్‌బుక్ పిచ్చి వంశపారంపర్యం.

“సార్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇన్‌స్టాల్ అయితలేదు.”

“ఏం మార్చారు?”

“ఏం ముట్టలే సార్!”

సార్ కళ్లు మెరుస్తాయి. ఏం ముట్టలేదన్నవాడు కనీసం రెండు ముట్టుంటాడని ఆయన సిద్ధాంతం. మనుషుల వాంగ్మూలం ఆయనకు చెల్లదు. ఇంట్లో సాంబారు ఉప్పగా ఉన్నా “ఎన్నింటికి వేశావు, ఎవరు వేశారు” అని అడిగి, భార్య చూపు చూసి ఊరుకుంటాడు.

“ఎర్రర్ ఏమంటోంది?”

“ఏదో హ్యాండిల్ ఫెయిల్ అంది. ఓకే కొట్టిన.”

అదీ సంగతి. డేటాబేస్ ఇంజిన్ రికవరీ హ్యాండిల్ కోసం చూస్తే అది ఫెయిలైందని చెప్పే ఆ పెట్టెలోనే, కారణాలకు ఎర్రర్ లాగ్ చూడమని పక్కనే రాసుంటుంది. ఆ రెండో వాక్యం చదివిన వాడు ఈ బెల్టులో ఇంతవరకు పుట్టలేదు.

“లాగ్స్ జిప్ చేసి పంపు.”

వచ్చేది మానిటర్‌కు తీసిన ఫొటో. అందులో ట్యూబ్‌లైట్ వెలుగు, తీసినవాడి బొటనవేలు, సగం ఎర్రర్. మళ్లీ అడిగితే సమ్మరీ ఫైలు ఒక్కటే. ఫైళ్లన్నీ చేతికొచ్చేసరికి సార్ రెండో టీ చల్లారిపోయింది. అయినా కోపం లేదు. ఇలాంటి వేళల్లోనే ఆయన వయసు తగ్గుతుంది. ఎర్రర్ లాగ్‌లో వేలు ఆగింది: 256 మిస్‌అలైన్డ్ ఐఓలట.

“ఏయ్, సిస్టమ్ కొత్తదా?”

“సిస్టమ్ ఒక్కటే కొత్తది సార్. ఇంకేం మార్చలే.”

విండోస్ 11 కొన్ని కొత్త ఎన్‌వీఎంఈ డిస్కుల సెక్టార్ సైజును ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కేమో 512, 4096 బైట్లే ఒంటికి పడతాయి. అంతకుమించితే ఇంజిన్ లేవదు. ఎఫ్‌ఎస్‌యూటిల్ కమాండ్ కొట్టించి రుజువు చూసుకునేదాకా సార్ ఈ ముక్క బయటపెట్టడు, ముందే తెలిసినా సరే. తర్వాతి వైద్యం పొట్టిది: రిజిస్ట్రీలో డిస్కు సెక్టార్ సైజు 4096గా చూపమని ఒక లైను, ఒక రీస్టార్టు, సగంలో ఆగినదాన్ని పీకేసి మళ్లీ ఇన్‌స్టాల్. ఆకుపచ్చ టిక్కులు వరసగా పడ్డాయి.

“సార్, మా ఓనర్ సార్ ఏమైందని అడుగుతుండు. సెక్టార్ అంటే ఎట్ల చెప్పాలె?”

సార్ హెడ్‌సెట్ సర్దుకున్నాడు.

“వైరస్ వచ్చిందని చెప్పు.”