ఒకే గ్రిప్, అన్ని షాట్లకీ

ఆదివారం పొద్దున టెన్నిస్ కోర్టుకొచ్చే మనలాంటి వాళ్ళను చెడగొడుతున్నది గ్రిప్ మార్పులే. సర్వీసుకొక గ్రిప్, ఫోర్‌హ్యాండ్‌కొకటి, నెట్ దగ్గర వాలీకి ఇంకొకటి. బంతి మీదికొస్తుంటే హ్యాండిల్ తిప్పుకోవడమెందుకు? కాంటినెంటల్ ఒక్కటి పట్టుకోండి, ఫోర్‌హ్యాండ్ కూడా దాంతోనే కొట్టండి.

హ్యాండిల్‌కు ఎనిమిది పలకలుంటాయి. ఫ్రేమ్ అంచు నేలవైపు ఉండేలా రాకెట్‌ను చాపితే పైకి కనిపించేది ఒకటో పలక. దాని కుడిపక్కన ఏటవాలుగా ఉన్నదే మన పలక, రెండోది. చూపుడువేలి మొదలు దగ్గరి కణుపు దానిమీద ఆనాలి, సుత్తి పట్టుకున్నట్టు. ఎడమచేతివాళ్ళకు అదే ఎడమపక్కన. మూడో పలకకు జారితే ఈస్టర్న్, నాలుగోదానికి జారితే సెమీ వెస్టర్న్ అయిపోతుంది. అందుకే ఓవర్‌గ్రిప్ చుట్టిన రోజే రెండో పలక మీద స్కెచ్‌పెన్నుతో గీత గీసుకోండి. చెమటకు చెరిగిపోతుంది, మళ్ళీ గీయండి.

కోచ్‌లు సెమీ వెస్టర్నే నేర్పుతారు, టాప్‌స్పిన్ కోసం. నెట్‌కు బాగా ఎత్తున కొట్టినా బంతి లోపలే దిగుతుందంటారు. దిగుతుంది, నిజమే. అసలంత ఎత్తున కొట్టడమెందుకు? నెట్ మధ్యలో 3 అడుగులే. దానికి జానెడు పైనుంచి పంపండి చాలు.

జాన్ మెకన్రో అన్ని షాట్లూ ఈ గ్రిప్‌తోనే ఆడాడు. 1984లో 82 మ్యాచ్‌లు గెలిచి మూడే ఓడాడు. ఆ మూడింట్లో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ఉంది కదా, రెండు సెట్లు గెలిచి కూడా లెండిల్ చేతిలో ఓడిపోయాడు కదా అంటారు. అది మట్టి కోర్టు, బంతి ఎత్తుకు లేస్తుంది. మీరు ఆడేది సిమెంటు మీదైతే ఆ లెక్క మీకెందుకు?

సిమెంటు మీదా బంతి భుజం దాకా లేస్తుంది, కాదనను. ఈ గ్రిప్‌తో ఆ ఎత్తులో కొడితే రాకెట్ ముఖం ఆకాశం చూస్తుంది, బంతి వెనక కంచెకు తగులుతుంది. కాబట్టి ఆ ఎత్తులో కొట్టకండి. నాలుగడుగులు వెనక్కెళ్ళండి, బంతి నడుము దాకా దిగేవరకు ఆగండి. కోర్టు బుక్ చేసేముందు బేస్‌లైన్‌కూ కంచెకూ మధ్య ఎంత జాగా ఉందో అడుగులేసి చూసుకోండి. చాలకపోతే వేరే కోర్టు వెతకండి. గ్రిప్ మాత్రం మార్చొద్దు. డబుల్స్ అయితే ఇంకా సులువు. భుజం ఎత్తు బంతులన్నీ మీ పార్ట్‌నర్ తీసుకోవాలని టాస్‌కు ముందే ఆయనతో మాట్లాడుకోండి.