లోపలి రోడ్ల సందేశము: టీకా తాత్పర్యసహితము

మూలము:

“సంక్రాంతి సెలవులకు బందరు నుంచి కార్వారు దాకా కార్లో పోదాం. హైవే వద్దు, లోపలి రోడ్లే. పొద్దున నాలుగింటికల్లా బయల్దేరాలి. తిండి ఇంటిదే. దారిలో ఎక్కడా ఎక్కువసేపు ఆగేది లేదు.”

అవతారిక: మా పెదనాన్నగారు ఒకనాటి రాత్రి భోజనానంతరమున కుటుంబపు వాట్సాపు గ్రూపులో ప్రకటించిన యీ వాక్యపంచకము పరిమాణమున స్వల్పమయ్యు అర్థమున అగాధమైనది. చదివినవారందరును బొటనవ్రేలిబొమ్మ నొకదానిని క్రింద నంటించి తమ యంగీకారమును తెలిపిరేగాని, తామంగీకరించిన దేమియో యెరిగినవారొక్కరును లేరు. మరునాటినుండి పూటపూటకు తలయెత్తిన సందేహములును, ఉపసందేహములును, అలుకలును ఇందుకు సాక్ష్యములు. వ్యాఖ్యానము లేని సూత్రము గృహకలహమునకు హేతువగునని తలచి నేనీ టీకకు పూనుకొంటిని. కొలిచెలమ యింటిపేరుగా గల మల్లినాథసూరి, కాళిదాసకావ్యములకు వ్యాఖ్యలు రచించుచు, మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిన పట్టెను. అందు మొదటి నియమమును యథాశక్తి పాటింతును. రెండవదానిని పాటించినచో కుటుంబప్రయాణములను గూర్చి వ్రాయుటయే పొసగదు.

‘బందరు నుంచి కార్వారు దాకా’ అనగా తూర్పుసముద్రము మొదలుకొని పడమటిసముద్రము వరకు అని యర్థము. మంగినపూడి యొడ్డున సూర్యుడుదయించుట చూచి, మరియొకనాటి సాయంకాలము కాళీనది కడలిలో గలియుచోట నాతడస్తమించుట చూడవలెనని మూలకర్త యభిలాష. అది కంఠోక్తముగా లేకున్నను ఉపక్రమోపసంహారములను బట్టి ఊహ్యము. నడుమ దూరము ఎన్నుకొనిన త్రోవను బట్టి తొమ్మిదివందల కిలోమీటర్లకు అటునిటుగా నుండును.

‘హైవే వద్దు’: ఇచట పూర్వపక్షి, అనగా మూలకర్తకు పెద్దల్లుడు, ఆక్షేపించుచున్నాడు. మామయ్యగారు హైవే వద్దందురు. బందరునుండి పడమరకు కదలినచో 65వ నంబరు జాతీయరహదారి, అది బెజవాడ, హైదరాబాదు, షోలాపురముల మీదుగా పూనా చేరును. దక్షిణమునకు మరలినచో 216వ నంబరుది, అదియును జాతీయరహదారియే. కావున మూలకర్త తన నిషేధమును పాటింపగోరినచో ఇల్లు కదలరాదు, అని. ఈ యాక్షేపము పైకి దుర్భేద్యము. కాని గంగలో పల్లె కలదన్నప్పుడు గంగయొడ్డున అని యర్థము చెప్పుకొనుట శాస్త్రజ్ఞులకు నిత్యానుభవము. అట్లే ఇచట హైవేశబ్దమునకు నంబరు గల రోడ్డను ముఖ్యార్థము బాధింపబడి, నాలుగు వరుసలును, నడుమ గన్నేరు చెట్లును, ఆగీ ఆగకమునుపే ఫాస్టాగునుండి పైకము లాగికొను టోలుగేటులును గలిగి, ఊరిపేరును పలకపై చూపి ఊరిని మాత్రము బైపాసుచాటున దాచు త్రోవ యను లక్ష్యార్థము సిద్ధించుచున్నది. 216వది అట్టిది కాదు. చల్లపల్లి, మోపిదేవి ఊళ్ళను పలుకరించుచు, పులిగడ్డ పెనుమూడి వంతెనమీద కృష్ణను దాటి రేపల్లెకు జేరును. అంగళ్ళ చూరులు కారు అద్దమునకు తగులునా యన్నంత చేరువగా నుండును. నంబరుచేత హైవే, స్వభావముచేత లోపలిరోడ్డు. అల్లుడీ సమాధానమునకు తృప్తిపడెనో, కారు నడుపవలసినవాడు తానే యగుటచే ఊరకుండెనో నిర్ణయింపరాదు.

‘లోపలి రోడ్లే’: ఇది సందేశమునకు ప్రాణము. లోపల యనగా దేనికి లోపల? 1943లో నాగపురమున సమావేశమైన ఇంజనీర్లు ఈ దేశపు దారులను జాతీయరహదారులు, రాష్ట్రరహదారులు, పెద్ద జిల్లారోడ్లు, ఇతర జిల్లారోడ్లు, గ్రామపురోడ్లు అని యైదు తెగలుగా విభజించిరి. ఏ తెగ దారిలో నున్నదియు తెలియగోరు ప్రయాణికుడు కిలోమీటరురాతి శిరస్సును చూడవలెను. పసుపైనచో జాతీయము, ఆకుపచ్చయైనచో రాష్ట్రము, నలుపో నీలమో యైనచో జిల్లా, నారింజయైనచో 2000 సంవత్సరమున మొదలైన ప్రధానమంత్రి గ్రామసడక్ పథకమువారి పల్లెరోడ్డు. మూలకర్త హృదయము ఆకుపచ్చకును నారింజకును నడుమ సంచరించుచున్నది. పోస్టర్లచేత తల కప్పబడిన రాళ్ళ విషయమున మాత్రము ఎవరి వర్ణమును వారే యూహించుకొనవలెను.

ఇక ఆరవ తెగ యొకటి కలదు. అది డొంక. ఇంజనీర్ల శాస్త్రమున దానికి తావు లేదు గాని చేతిఫోను పటమున విశేషగౌరవము కలదు. పదునెనిమిది నిమిషములు కలిసివచ్చునని ఫోను వినయముగా సూచించు సన్ననిగీత యెల్ల చివరకు ఒక మొక్కజొన్న చేనిగట్టుననో, నీరు లేని వాగుననో ముగియుట అనుభవజ్ఞులెరిగినదే. అట్టిచో టీకొట్టు దగ్గర దారి యడుగుటయే గతి. అడుగుటయందును ఒక మెలకువ కలదు. “ఇటు దారి ఉందా?” అన్నచో ఎవ్వరును లేదనరు, నడచువానికిని, సైకిలువానికిని, గేదెకును దారి యెల్లప్పుడు కలదు. “ఇటు కారు పోతుందా?” అని యడుగవలెను. అప్పుడు పెద్దమనిషి కారు చుట్టును ఒకమారు తిరిగి, క్రింది యెత్తును కన్నులతో కొలిచి, ఉన్నమాట చెప్పును.

ఒంటివరుస రోడ్డునకు తారు వెడల్పు 3.75 మీటర్లు. ఎదురుగా చెరకు ట్రాక్టరు వచ్చినచో ఇరువురిలో నొకరు మార్జిను దిగితీరవలెను. ఎవరు దిగవలెనను ప్రశ్నకు ఆచారమొక్కటే ప్రమాణము, చిన్నబండి దిగును. సంక్రాంతి దినములలో డెల్టాలో తారురోడ్డు వడ్లారబోయు కళ్ళమగును. పడమటికి పోగా పోగా కందికట్టెయు జొన్నకంకులును పోవు బండ్ల చక్రములచే నూర్పించుకొనుటకై రోడ్డుమీద పరువబడియుండును. పట్టణవాసి దీనిని అడ్డంకి యని దూషించును. ఊరివారి దృష్టిలో మన కారు ఉచితముగా లభించిన నూర్పిడియంత్రము. కట్టె మోపు ఎత్తుగా నున్నచోట మాత్రము దిగి చూచి పోవుట మంచిది; అది క్రింద చుట్టుకొని ఇంజను వేడికి అంటుకొనిన సందర్భములు లేకపోలేదు.

ఇంత యవస్థ గల దారిని కోరుటకు పూర్వుల సమ్మతి కలదా యన్నచో కలదు. మేఘసందేశమున యక్షుడు మేఘమునకు దారి చెప్పుచు, అలకకు పోవు త్రోవకు వంకరయే యైనను ఉజ్జయిని చూచియే పొమ్మనెను. విరహముచే కుమిలిపోవుచున్నవాడు, సందేశము త్వరగా చేర్పవలసినవాడు, చుట్టుదారి చెప్పుటయా యని విమర్శకులు ముక్కున వ్రేలిడుకొనవచ్చును. కాని దారి చెప్పుటలో నాతనికి గలిగిన యానందము పూర్వమేఘమంతయు నిండియున్నది. మన మూలకర్తయును పటము ముందిడుకొని వారము దినములుగా అట్టి యానందమునే అనుభవించుచున్నాడు.

గద్యప్రమాణము కావలసినవారికి ఏనుగుల వీరాస్వామయ్యగారు కలరు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఆ మహానుభావుడు 1830 మే 18న పరివారముతో బయలుదేరి, హైదరాబాదు, నాగపురము, జబ్బల్‌పురముల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి యిల్లు చేరెను. ఆయన కాశీయాత్రచరిత్రమున ఊరూరను నీరెట్టిది, అంగళ్ళు కలవా, దిగుటకు తావు కలదా, ముందరి దారి యిసుకయా రాయియా యని వ్రాసికొనుచు పోయినాడు. ఆయన దినమును మజిలీతో కొలిచెను. మనము కిలోమీటరుతో కొలిచి, కిలోమీటరును వేగముతో భాగించి, వచ్చిన గంటలను నమ్మి చెడిపోవుచున్నాము.

‘పొద్దున నాలుగింటికల్లా’: హైదరాబాదు అత్తయ్యగారి ప్రతిలో ‘ఐదింటికి’ అని పాఠాంతరము. బామ్మగారు మూలమును చదువక విన్నవారగుటచే ఆమె పాఠమున వేళయే లేదు, ‘తెల్లారాక’ అని మాత్రము కలదు. మీమాంసకుల మార్గమున విచారించినచో నాలుగింటికను మాట విధి కాదు, అర్థవాదము. దాని ప్రయోజనము జనులను నిద్రలేపుట. నాలుగింటికన్నచో ఐదింటికి లేతురు. ఐదుగురి స్నానములు, బామ్మగారి పూజ, చక్రముల క్రింద నిమ్మకాయలు, గేటు దాటిన పిదప గ్యాసు కట్టితిమా యను శంక, ఇవి ముగియునప్పటికి ఆరున్నర యగును. దైవవశమున పుష్యమాసమున సూర్యోదయమును ఆ ప్రాంతముననే. ఈ జాప్యము నిజముగా వరము. ఆ వేళకు ముందు కృష్ణాతీరమున పొగమంచు దట్టముగా క్రమ్మియుండును. వెనుక దీపము లేని వడ్లట్రాలీ పది గజములలోనికి వచ్చినగాని కానరాదు. కావున బామ్మగారి పాఠమే సాధుతరమని వ్యాఖ్యాత మతము.

‘తిండి ఇంటిదే’: కర్తృపదము లోపించినది. ఎవరు వండుదురని మూలము చెప్పదు. అధ్యాహారముచే పెద్దమ్మగారు అని పూరించుకొనవలెను. మొదటి దినమునకు పులిహోర. చింతపండు పులుపుచే అది రాత్రివరకు నిలుచును. రెండవ దినమునుండి ఈ వాక్యమునకు ప్రామాణ్యము లేదు.

‘దారిలో ఎక్కడా ఎక్కువసేపు ఆగేది లేదు’: లోపలిరోడ్లను విధించిన నోటనే ఇట్టి నిషేధము వెలువడుట వదతోవ్యాఘాతము. ఆగుటకు కాకున్నచో ఆ దారి యేల? మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరునికి మ్రొక్కక కదలుటకు బామ్మగారు సమ్మతింపరు. బాపట్ల దాటి అద్దంకి చేరినచో, 848 నాటి పండరంగని శాసనమున తరువోజ వెలసిన యూరిదియే యని పెదనాన్నగారే కారాపి ఉపన్యసింతురు. మార్కాపురమున పలకలు కొనవలెను. పిల్లలు వానిమీద వ్రాయుదురా యను ప్రశ్న అసంగతము, అవి పెద్దల ముచ్చట కొరకు. ఇక కంభము చెరువు. గుండ్లకమ్మ రెండు కొండల నడుమ ఇరుకున పారుచోట ఆ సందును గట్టుతో మూసి, విజయనగర కాలమున కట్టిన తటాకమది. కృష్ణదేవరాయల దేవియైన గజపతి కన్యక కట్టించినదని ప్రతీతి. గట్టుమీద నిలిచి చూచినవాడు అరగంటకు తక్కువ నిలువజాలడు. నల్లమల దాటి నంద్యాల చేరినపిదప బనగానపల్లెలో పుష్యమున మామిడిపండు లేదని పిల్లలకు బోధపరచుటకు కొంతకాలమును, యాగంటి కోనేటి మెట్లు బామ్మగారు దిగి యెక్కుటకు మరికొంతకాలమును పట్టును. పత్తికొండలో మాత్రము పదినిమిషములు చాలును. రాయలసీమకు రైతువారీ పద్ధతి తెచ్చిన సర్ తామస్ మన్రో, గవర్నరు పదవిలో నుండగనే తాను కలెక్టరుగా పాలించిన సీమను కడసారి చూడవచ్చి, 1827 జూలై 6న అచ్చటనే కలరా తగిలి మరణించెను. హైవే మీద పోవువానికి ఆ యూరు తగులనే తగులదు. ఆలూరు దాటగా పలకలమీద లిపి మారును. 1953లో మైసూరులో చేరిన బళ్ళారిలో మాత్రము మన మాట ఇంకను చెల్లును. హొసపేట దగ్గర హంపి యున్నది. హంపిని గూర్చి ‘ఎక్కువసేపు ఆగేది లేదు’ అనువానితో వాదింపరాదు.

తాత్పర్యము: లోపలి రోడ్లమీద ప్రయాణమునకు పగటివెలుతురే కొలత. పుష్యమున పగలు పదకొండు గంటలకు మించి యెంతో యుండదు. అందు భోజనములకును, దర్శనములకును, దారి తప్పుటకును, పిల్లల కడుపుత్రిప్పుటకును మూడు గంటలు తీసివేయవలెను. తక్కిన యెనిమిది గంటలను గంటకు నలుబది కిలోమీటర్ల చొప్పున లెక్కించినచో మూడువందల యిరువది వచ్చును. అంతకు మించి పటమున గీత గీయుట అహంకారము. ఈ లెక్కన మొదటి మజిలీ గిద్దలూరు, నల్లమల ఘాటును మరునాడు ఎండలో దాటుటకు, రెండవది హొసపేట, మూడవది ఎల్లాపురము, సహ్యాద్రిని పగటివేళ దిగుటకు, నాలుగవనాటి సాయంకాలము కార్వారు. స్టెప్నీలో గాలి బయలుదేరుటకు ముందే చూచుకొనవలెను. పంచరు వేయువాడు దొరకునా యను చింత వలదు, ప్రతి కూడలిలో నుండును. జాకీ మాత్రము మన డిక్కీలో నుండవలెను. ట్యాంకు సగమునకు దిగినప్పుడెల్ల కనబడిన మొదటి బంకులో నింపుకొనవలెను.

తిరుగుప్రయాణమును గూర్చి మూలము మౌనము వహించినది. ఆ లోపమును పూరించుచు పెద్దమ్మగారు అదే గ్రూపులో “వచ్చేటప్పుడు హైవేనే” అని రెండు మాటల పరిశిష్టము చేర్చిరి. దానిపై ఇంతవరకు ఎవ్వరును ఆక్షేపణ తెలుపలేదు.